ఆటస్థలం కూడా అడుగుదాం



వార్షికోత్సవ సంచిక అనగానే మనం మెస్ చార్జీల గురించి రాస్తాం. స్కాలర్‌షిప్పుల గురించి రాస్తాం. దుప్పట్లు, ట్రంకు పెట్టెలు, బాత్రూం తలుపుల గురించి రాస్తాం. రాయాల్సిందే. అడిగితేనే వచ్చినవి అవన్నీ. ఈసారి వాటి పక్కన ఇంకొక డిమాండును చేర్చాలని మా ఉద్దేశం. అది పార్కు, ఆటస్థలం. ‘కడుపు నిండినవాళ్ళ ముచ్చట’ అని పేజీ తిప్పేయకుండా చివరిదాకా చదవండని మనవి.

మేము ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా ఉండి ఇప్పుడు పీజీ చదువుతున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాదే. మాలో కొందరి నాన్నలు ఎనుమాముల మార్కెట్ యార్డులో హమాలీలు, దడవాయిలు. అమ్మలు అక్కడే మిర్చి ఏరినవాళ్ళు, యార్డు ఊడ్చినవాళ్ళు. ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటిగా పేరున్న ఆ యార్డు మనకు అన్నం పెట్టింది. చలికాలం పత్తి, ఎండాకాలం మిర్చి, మధ్యలో మక్కలు, పసుపు. సీజన్‌లో లారీలు, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. మిర్చి ఘాటుకు దారిన పోయేవాళ్ళు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. అలాంటి చోట పిల్లల ఆట అంటే లారీకీ లారీకీ మధ్య దొరికిన జాగాలో ఆడుకునేదే. లారీ కదిలితే ఆట ఆగిపోతుంది.

ఇళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఒక్కటే గది. అందులోనే వంట, అందులోనే నిద్ర, అందులోనే చదువు. హాస్టల్లోనూ ఒక హాలులో ఎంతమందిమి పడుకుంటామో మనకు తెలుసు. సొంత గది, సొంత పెరడు ఉన్నవాడికి పార్కు అదనపు సౌకర్యం. మనకు అది రెండో గది. ఈ తేడాను నగరాన్ని నడిపేవాళ్ళు గుర్తించాలి. వాళ్ళకంటే ముందు మనం గుర్తించాలి.

ఇది దయతో ఇచ్చేది అనుకునేవాళ్ళు రాజ్యాంగం తెరిచి చూడవచ్చు. 74వ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దాంతో చేరిన పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులు 18 ఉన్నాయి. అందులో పన్నెండోది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. అంటే నీళ్ళు, రోడ్లు, వీధి దీపాలు ఏ జాబితాలో ఉన్నాయో ఆటస్థలమూ అదే జాబితాలో ఉంది. ఇక 15(2) అధికరణం అంబేడ్కర్ గారి తరం మనకిచ్చిన తాళంచెవి. ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు, జనం కూడే స్థలాలు వాడుకోవడానికి కులం, మతం, జన్మస్థలం, ఆడ మగ తేడా అడ్డు రాకూడదని అది చెబుతుంది. జనం కూడే స్థలం అంటే పార్కు కాక మరేమిటి?

మరి వరంగల్‌లో పార్కులు లేవా అంటే ఉన్నాయి. హన్మకొండ పబ్లిక్ గార్డెన్ ఉంది. హంటర్ రోడ్డులో వన విజ్ఞాన కేంద్రం ఉంది. 2015లో కేంద్రం ప్రకటించిన హృదయ్ పథకంలోని 12 నగరాల్లో వరంగల్ ఒకటి కావడంతో భద్రకాళి చెరువు కట్టకు కొత్త అందం వచ్చింది. 2016లో స్మార్ట్ సిటీల జాబితాలోనూ చేరాం. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలే జరిగాయి. సంతోషమే. కానీ ఎనుమాములలో సాయంత్రం ఐదింటికి స్కూలు వదిలిన ఏడో తరగతి పిల్లకు అవన్నీ దూరం. ఆటో కిరాయి పెట్టుకుని ఆడుకోవడానికి ఎవరు పోతారు? పండుగకు చుట్టాలొస్తే చూపించడానికి ఒక పెద్ద పార్కు కావాలి, కాదనం. రోజూ ఆడుకోవడానికి మాత్రం బస్తీ పక్కనే చిన్న గ్రౌండు కావాలి. మొదటిది ఫోటోలో బాగా పడుతుంది. రెండోది పిల్లల ఒంట్లో కనబడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పార్కు బాగోలేకపోతే ఎవరిని అడగాలి? జంతువులున్న పార్కు అటవీ శాఖది. స్టేడియం క్రీడా సంస్థది. కొన్ని పార్కులు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థవి, కొన్ని కార్పొరేషన్‌వి. స్కూలు గ్రౌండు విద్యాశాఖది. పిల్లవాడు ఒక్కడే, ఆఫీసులు ఐదు. అమెరికాలో చాలా పట్టణాలకు పార్కులు, వినోదం కలిపి చూసే ఒకే విభాగం ఉంటుంది. చెట్లు పెంచడం, గడ్డి కోయడంతో దాని పని అయిపోదు. పిల్లలకు ఈత నేర్పిస్తుంది, వేసవి శిబిరాలు పెడుతుంది, ముసలివాళ్ళకు వ్యాయామం చేయిస్తుంది. ఆ దేశంలో దీనికి మొదలెక్కడో తెలుసుకోవడం మనకు మంచిది. 1885లో బోస్టన్ నగరంలో, వలస కూలీలు కిక్కిరిసి బతికే వాడలో, కొందరు మహిళలు పిల్లల కోసం ఇసుక పోయించారు. అంతే, ఒక ఇసుక కుప్ప. తర్వాత ఆ కుప్పలు పెరిగాయి, నగరమే ఆ పని నెత్తికెత్తుకుంది. కూలీల పిల్లల కోసం మొదలైన పని అది.

అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ నగరపాలక సంస్థ ఎన్నో ఏళ్ళపాటు వేసవి సెలవుల్లో తన మైదానాల్లో శిక్షణా శిబిరాలు నడిపింది. నామమాత్రపు ఫీజుతో వేలమంది పిల్లలు కోచ్‌ల దగ్గర ఆటలు నేర్చుకున్నారు. స్థలం ఒక్కటే ఉంటే సరిపోదు, నేర్పే మనిషి ఉండాలి అన్నది ఆ అనుభవం. గోడ కట్టి, బోర్డు పెట్టి, తాళం వేసిన గ్రౌండు ఎవరికి పనికొస్తుంది?

నేర్పే మనిషి దొరికితే ఏమవుతుందో మన జిల్లాలోనే చూశాం. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవన్‌జి కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మన సాంఘిక సంక్షేమ గురుకులం బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఎక్కడం నేర్చుకోవడానికి ఆమెకు ముందుగా భువనగిరి గుట్ట దొరికింది. మన బస్తీల్లో ఎంతమంది దీప్తులున్నారో, ఎంతమంది పూర్ణలున్నారో లెక్కపెట్టే అవకాశం కూడా రాలేదు. పరుగెత్తడానికి జాగానే లేనప్పుడు ఎవరు వేగంగా పరుగెత్తుతారో ఎలా తెలుస్తుంది?

‘స్థలం ఎక్కడుంది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకూ జవాబుంది. లేఅవుట్ వేసేవాళ్ళు పది శాతం భూమిని అందరి కోసం వదిలిపెట్టి స్థానిక సంస్థకు అప్పగించాలన్నది నియమం. అలా వదలని అక్రమ లేఅవుట్లలో ప్లాటు కొన్నవాళ్ళ దగ్గర, 2020 నాటి క్రమబద్ధీకరణ పథకంలో, ఖాళీ స్థలం లోటు కింద ప్లాటు విలువలో 14 శాతం చార్జీ పెట్టారు. అంటే చిట్టీలు కట్టి, పుస్తెలు కుదువబెట్టి చిన్న ప్లాటు కొన్న హమాలీ కూడా లేని పార్కుకు పైసలు కట్టాల్సిందే. కట్టినవాడికి ఆ పైసలతో పార్కు ఎక్కడ వచ్చిందని అడిగే హక్కు లేదా? 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలంటుంది. ఆ పచ్చదనంలో మన వాడకు వచ్చిన వంతెంత?

పోయిన స్థలం తిరిగి రాదన్న సంగతి వరంగల్‌కు ఒకరు చెప్పాలా? 1934లో మొదలైన అజంజాహి మిల్లు 2002లో మూతపడింది. కార్మికుల బతుకులు చెదిరాయి, మిల్లు భూముల్లో ప్లాట్లు వెలిశాయి. ఈరోజు ఖాళీగా కనిపించే శిఖం భూమి, ప్రభుత్వ జాగా రేపు ఎవరి ప్రహరీ లోపలికి పోతుందో తెలియదు. అందుకే ఇప్పుడే అడగాలి.

‘ముందు డ్రైనేజీ, తర్వాత కదా పార్కు’ అని పెద్దలంటారు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ కాలనీల్లోకి వరద నీళ్ళొచ్చిన సంగతి వాళ్ళూ మరిచి ఉండరు. అంతా సిమెంటు పరిస్తే వాన నీళ్ళు ఎటు పోవాలి? మట్టి నేల, చెట్టు ఉన్న గ్రౌండు నీళ్ళు తాగుతుంది. కాబట్టి డ్రైనేజీకీ గ్రౌండుకూ తగాదా లేదు. ‘ఆడితే చదువు పాడవుతుంది’ అనే మాట మన అమ్మానాన్నలది. వాళ్ళ భయం మనకు అర్థమవుతుంది. ఒక్క పరీక్ష తప్పితే మళ్ళీ మూటలు మోయాలన్న భయం అది. కానీ మాలో కొందరం డిగ్రీ రోజుల్లో పోటీ పరీక్షల పుస్తకాలు చదివింది నగరంలోని ఒక పార్కులో చెట్టు కిందనే. పొద్దున తొమ్మిది దాటగానే వాచ్‌మన్ వచ్చి గేటు మూస్తున్నామని లేపేవాడు. వాకింగ్ చేసేవాళ్ళ టైము అయిపోయింది, చదువుకునేవాళ్ళ టైము ఆ బోర్డు మీద లేదు. ఆ రోజు నీడ కోసం బస్టాండు బెంచీ వెతుక్కున్నాం. పార్కు మూస్తే ఆగిపోయేది ఆట ఒక్కటే కాదు, చదువు కూడా.

అందుకే మా వైపు నుంచి ఐదు డిమాండ్లు.

ఒకటి: డివిజన్‌వారీగా పార్కులకు, ఆటస్థలాలకు ఉన్న జాగాల జాబితా సర్వే నంబరుతో, విస్తీర్ణంతో వార్డు ఆఫీసు గోడ మీద రాయాలి.

రెండు: పార్కు గేటు పొద్దున నుంచి రాత్రి దాకా తెరిచి ఉండాలి. లైట్లు, తాగే నీళ్ళు, ఆడపిల్లలకు వేరుగా శుభ్రమైన టాయిలెట్ ఉండాలి. ఈ మూడూ లేని గ్రౌండు మగపిల్లల గ్రౌండుగానే మిగులుతుంది.

మూడు: ప్రతి గ్రౌండుకు వారంలో కొన్ని రోజులైనా కోచ్ రావాలి. వేసవి శిబిరాల్లో హాస్టల్ పిల్లలకు ఫీజు ఉండకూడదు.

నాలుగు: ప్రతి పార్కులో ఒక రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు, ఒక లైటు చదువుకునేవాళ్ళ కోసం కేటాయించాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఉద్యోగాల్లో కనబడుతుంది.

ఐదు: స్కూలు అయిపోయాక సర్కారు బడి గ్రౌండును బస్తీ పిల్లలకు తెరవాలి. వీటన్నిటికీ జవాబు చెప్పే ఒకే ఆఫీసరు, ఒకే ఫోన్ నంబరు ఉండాలి.

అడిగినంత మాత్రాన వస్తుందా? మహాడ్ చరిత్ర గుర్తు తెచ్చుకుందాం. 1923లో బొంబాయి శాసన మండలి ప్రభుత్వ చెరువులు, బావులు అందరివీ అని తీర్మానించింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ తన చవదార్ చెరువు అందరికీ అని కాగితం మీద రాసుకుంది. కానీ 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్ళి దోసిలి పట్టేదాకా ఆ నీళ్ళు మనవి కాలేదు. ఆ తర్వాత కూడా 1937లో బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేదాకా పోరాటం సాగింది. మున్సిపాలిటీ తీర్మానం ఒక సగం. మనం వెళ్ళి వాడుకోవడం మిగతా సగం.

కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! 2019 చట్టం ప్రతి డివిజన్‌లో నాలుగు వార్డు కమిటీలు ఉండాలంటుంది. వాటిలో ఒకటి యువతది. అందులో మన పేర్లు ఉన్నాయో లేదో కనుక్కుందాం. లేకపోతే రాయిద్దాం. దరఖాస్తు ఒక్కడు ఇస్తే కాగితం, నూరుమంది సంతకం పెడితే డిమాండు. గ్రౌండు దొరికిన రోజున దాన్ని క్రికెట్‌కే రాసివ్వకుండా కబడ్డీకి, ఖోఖోకి, చిన్నపిల్లలకు, ఆడపిల్లలకు గంటలు పంచుకుందాం. మొక్క నాటినవాడే నీళ్ళు పోద్దాం. ఉద్యోగాల్లో స్థిరపడిన మన హాస్టల్ అన్నలు, అక్కలు ఆదివారం ఒక పూట వచ్చి ఆ షెడ్డు కింద లెక్కలు చెబితే చాలు, ట్యూషన్ ఫీజు కట్టలేని పిల్ల నిలబడుతుంది.

మన నాన్నల భుజాల మీదుగా ఈ నగరం తిన్న తిండి గింజలు లక్షల బస్తాలు దిగాయి. వాళ్ళ పిల్లలు పరుగెత్తడానికి అర ఎకరం అడగడం ఎక్కువేమీ కాదు. వచ్చే సంచిక నాటికి ఆ దరఖాస్తు నకలు, దానికి వచ్చిన జవాబు ఈ పేజీలోనే అచ్చు వేద్దాం. జవాబు రాకపోతే రాలేదనే అచ్చు వేద్దాం.