డ్రమ్ములో ఏం కలుపుతున్నారు?

కారు పెయింటును గీసేది ఇసుక రేణువు. షాంపూలో ఏది కలిపినా అది కరగదు. ఇంత చిన్న సంగతిని గాలికొదిలేసి, సబ్బు నీళ్లలో ఏదో ఒకటి కలిపితే గీతలు పడవని, మెరుపు వస్తుందని నమ్మే పిచ్చి మన ఊళ్లలో ముదిరిపోతోంది. రోడ్డు పక్కన వాటర్ సర్వీసింగ్ షెడ్డు దగ్గర కాసేపు నిలబడి చూడండి. డ్రమ్ములో షాంపూ పోస్తారు, దాంట్లో గుప్పెడు బట్టలుతికే పొడి వేస్తారు, గిన్నెలు తోమే లిక్విడ్ పోస్తారు. కొన్నిచోట్ల కిరోసిన్, డీజిల్ కూడా పడతాయి. "రెండు మూతలు డీజిల్ పోస్తే నల్లబండి అద్దం లెక్క మెరుస్తది సార్" అంటాడు కడిగే కుర్రాడు. అతన్ని నేను తప్పుపట్టను. వేరే సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ మెరుపు చూసి మురిసిపోయి, పైన ఇంకో యాభై చేతిలో పెట్టి వచ్చే మనల్ని తప్పుపడతాను.

మనం ముట్టుకునేది రంగు కాదు, రంగు మీద పరిచిన క్లియర్ కోట్. చాలా కార్లలో అది 40, 50 మైక్రాన్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మన తలవెంట్రుకే సాధారణంగా అంతకంటే మందం. రోడ్డు దుమ్ములో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోహ్స్ కొలమానం మీద 7. మామూలు ఉక్కు కత్తిని గీయడానికి అది చాలు. అలాంటి దుమ్మును గుడ్డ కింద పెట్టి గుండ్రంగా రుద్దితే ఏమవుతుందో రాత్రిపూట పెట్రోలు బంకు దీపాల కింద నల్లకారు బానెట్ చూస్తే తెలుస్తుంది, సాలెగూళ్లలా గీతలే గీతలు. పాలిష్ కొట్టిస్తే పోతాయంటారు. పోతాయి, గీత లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీస్తారు కాబట్టి. అరిగిన పొర మళ్లీ పెరగదు.

డీజిల్ ఇచ్చే మెరుపు నూనె పొర మెరుపు. అది గీతల్లో నిండి వాటిని నాలుగు రోజులు దాచిపెడుతుంది. అదే పొర మీద కొత్త దుమ్ము అంటుకుంటుంది, మరుసటి వారం ఆ దుమ్మునే మళ్లీ గుడ్డతో రుద్దుతాం. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగులు చాలావరకు ఈపీడీఎం రబ్బరుతో చేసినవి. ఎండకూ వానకూ తట్టుకునే ఆ రబ్బరు పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. బట్టల పొడిలో ఉండేది సోడా. పూర్తిగా కరగని పలుకులు గుడ్డలో ఇరుక్కుంటాయి, మే నెల ఎండలో బానెట్ మీద ఆరిపోతే మరకలు కడతాయి, అల్యూమినియం పట్టీలు తెల్లబారతాయి. గిన్నెల లిక్విడ్ ఒక్కసారి వాడితే పెయింటు కొంప మునగదు, కానీ జిడ్డు లాగడమే దాని పని కనుక మీరు డబ్బు పోసి పూయించిన వ్యాక్స్‌ను కూడా లాగేస్తుంది.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది బట్టల కండిషనర్ చిట్కా. చేతికి జారుడుగా ఉంది కాబట్టి పెయింటు మీద కూడా జారుతుందని దాన్ని షాంపూలో కలిపేస్తున్నారు. కారు షాంపూలో మురికిని లేపేవి చాలావరకు రుణావేశం ఉన్న అణువులు. కండిషనర్‌లో మెత్తదనం ఇచ్చేవి ధనావేశం ఉన్నవి. రెండూ ఒక బకెట్లో పడితే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగడతాయి. షాంపూ కడగదు, కండిషనర్ కాపాడదు, మిగిలేది గుడ్డకూ పెయింటుకూ అంటుకునే జిగురు. పదో తరగతి రసాయన శాస్త్రం చదివినవాళ్లు కూడా దీన్ని కెమెరా ముందు నిలబడి నేర్పిస్తున్నారంటే బాధేస్తుంది. చిక్కదనం మోజు కూడా ఇలాంటిదే. చౌక షాంపూలను చిక్కగా చేయడానికి మామూలు ఉప్పే చాలు. సీసాలోంచి తేనెలా జారితే అది మంచి షాంపూ అని ఎవరూ రాసివ్వలేదు.

కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు చేసే ఇంకో కలుపు ఉంది. ఆప్టిమమ్ నో రిన్స్ లాంటి, నీళ్లతో మళ్లీ కడగక్కర్లేని ద్రావణాన్ని షాంపూలో పోస్తారు. వీళ్ల ఉద్దేశాన్ని గౌరవిస్తాను, ఎందుకంటే వాటిలోని పాలిమర్లు నిజంగానే జారుడునిస్తాయి. కానీ అది ఒంటరిగా పనిచేసేలా తయారైన సరుకు. పది లీటర్ల బకెట్‌కు సుమారు 40 మిల్లీలీటర్లు చాలు. కారు మీద పల్చటి దుమ్ము మాత్రమే ఉంటే దాన్ని దానిగానే వాడండి, ఒక్క బకెట్‌తో పని అయిపోతుంది. బురద ఉంటే ముందు నీళ్లు కొట్టి, తర్వాత షాంపూతో కడగండి. రెండు మంచి సరుకుల్ని కలిపితే మూడో మంచి సరుకు వస్తుందన్న నమ్మకానికి ఏ ఆధారమూ లేదు.

మచ్చల విషయానికొస్తే మన అసలు శత్రువు బోరు నీళ్లు. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చని బీఐఎస్ ప్రమాణం చెబుతుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఆ మొదటి గీత దాటే బోర్లు ఎన్నో. ఆ నీళ్లు ఎండలో ఆరితే మిగిలేది సున్నపు మచ్చలు. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లతో కారు కడిగితే పొదుపని సలహా ఇస్తుంటారు. టైర్లకు, మొదటి కడుగుడికి వాడండి, మంచిదే. ఆఖరి కడుగుడికి మాత్రం వద్దు, అందులో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, ఒక బకెట్ పట్టి ఉంచండి. నీళ్లు ఎంత విలువైనవో బెంగళూరు వాళ్లకు తెలిసింది. 2024 మార్చిలో తాగునీటితో కారు కడిగితే అయిదు వేల రూపాయల జరిమానా అని అక్కడి జలమండలి ప్రకటించింది.

కలిపేవన్నీ ఆపేసి ఏం చేయాలి? నీడలో పెట్టండి. గుడ్డ తగలకముందే నీటి ధారతో దుమ్ము దించండి. సీసా మీద రాసిన పాళ్లలోనే షాంపూ కలపండి. గుడ్డ జాడించడానికి వేరే బకెట్ పెట్టండి. పైనుంచి కిందికి, తిన్నగా తుడవండి. చక్రాల గుడ్డను తలుపు మీద పెట్టకండి. మా అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒక్క బకెట్, ఒక్క బనియన్ వేస్ట్ గుడ్డతో వరసగా కార్లన్నీ తుడిచే మనిషికి మనమే రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కొనివ్వాలి. నెలకు కొద్ది రూపాయలిచ్చి అన్నీ అతనే తెచ్చుకోవాలనడం అన్యాయం.

ఆ షెడ్డులో రోజంతా కిరోసిన్‌లో, సోడా నీళ్లలో చేతులు ముంచే కుర్రాడి అరచేతులు ఒకసారి చూడండి. కిరోసిన్ చర్మంలోని జిడ్డును తీసేసి పగుళ్లు తెస్తుంది, చేతి తొడుగులు ఎవరూ ఇవ్వరు. ఆ డ్రమ్ము నీళ్లు పక్క నాలాలో కలుస్తాయి, హైదరాబాద్ నాలాలు మూసీలో కలుస్తాయి. ఈసారి కారు కడిగించేటప్పుడు తాళం ఇవ్వకముందే డ్రమ్ములో ఏం కలిపారో అడగండి. చెప్పకపోతే బండి వెనక్కి తిప్పుకుని వచ్చేయండి.