పిక్క తీసుకున్నాం, పండు మాటేమిటి?

ఉద్దానం రైతన్నలారా, పలాస కార్ఖానాల్లో జీడిపప్పు పొట్టు తీసే అక్కచెల్లెళ్లారా, ఇచ్ఛాపురం, టెక్కలి కాలేజీల్లో చదువుకుంటున్న పిల్లలారా! మీ అందరితో ఒక్క విషయం మాట్లాడాలి. కాస్త ఓపిగ్గా వినండి.

ఏప్రిల్‌లో కవిటి వైపో వజ్రపుకొత్తూరు వైపో ఏ జీడితోటలోకైనా వెళ్లండి. చెట్టు కింద మనిషి వంగి పండు ఎత్తుతాడు. పిక్కను మెలితిప్పి బుట్టలో వేసుకుంటాడు. పండును పక్కకు విసిరేస్తాడు. మధ్యాహ్నానికి ఆ కుప్ప చుట్టూ ఈగలు, పులిసిన వాసన. ఒకటి రెండు రోజులకు పండు మీద తెల్లటి నూగు లేస్తుంది. ఇంకో రోజు గడిస్తే ఆ నూగు మీద మసి చల్లినట్టు నల్లటి పొడి. బూజు పట్టిందంటాం, కాలితో తోసేస్తాం.

అలాంటి నల్ల బూజుల్లో ఒకదాని పేరు ఆస్పర్జిల్లస్ నైజర్. మన వంటింట్లో వాడే నిమ్మ ఉప్పును ప్రపంచంలో ఎక్కువ భాగం ఈ బూజుతోనే తయారుచేస్తారు. పండ్ల రసాన్ని తేటపరిచే పెక్టినేజ్, కోళ్ల దాణాలో కలిపే ఫైటేజ్ దీని నుంచి తీస్తారు. బూజుకు నోరు లేదు, పళ్లు లేవు. తినాల్సినదాన్ని బయటే కరిగించి లోపలికి పీల్చుకుంటుంది. ఆ కరిగించే పదార్థాలే ఎంజైములు. బట్టల మిల్లులో నూలుకు పట్టిన గంజి వదిలించాలన్నా, కాగితపు గుజ్జును తెల్లబరచాలన్నా, సబ్బుపొడి మరకను కొరకాలన్నా ఇవే కావాలి. ఫ్యాక్టరీలు డబ్బు పోసి కొనే సరుకును తయారుచేసే జాతి బూజు మన తోటలో, మనం పారేసిన పండు మీద, ఊరికే పెరుగుతోంది.

లెక్క వేసుకుందాం. మన పిక్కల బస్తా 80 కిలోలు. పండు బరువు పిక్క బరువుకు దాదాపు 8 రెట్లు. అంటే ఒక్కో బస్తా వెనక 600 కిలోలకు పైగా పండు నేలపాలవుతోంది. బస్తాకు గిట్టుబాటు ధర కావాలని రోడ్డెక్కాం. ఎక్కాల్సిందే, ఇంకా ఎక్కుదాం కూడా. కానీ ఆ 600 కిలోల గురించి మనం ఎవరినీ అడగలేదు, మనల్ని మనమే అడుక్కోలేదు.

బ్రెజిల్ ఈశాన్య తీరం మనలాంటిదే, జీడి పుట్టిల్లు. అక్కడి శాస్త్రవేత్తలు రసం పిండగా మిగిలిన జీడిపండు పిప్పి మీద ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజును పెంచి టానేజ్ అనే ఎంజైమ్ తీశారు. 2007లోనే దాన్ని ప్రచురించారు. చల్లారిన టీలో మడ్డి రాకుండా చేసేది ఈ టానేజే. మందుల తయారీలో వాడే గాలిక్ ఆమ్లం కూడా దీని సాయంతో వస్తుంది. పలాసలో పప్పు మీద నుంచి ఒలిచే ఎర్రటి పలచని పొట్టు ఉంది చూశారూ, నాలుకకు తగిలితే వగరు, ఆ వగరే టానిన్. టానేజ్ చేసే బూజుకు అదే మేత. అక్కచెల్లెళ్లు రోజంతా కూర్చుని ఒలిచే ఆ పొట్టు విలువను మనం ఇంతవరకూ వాళ్లకు చెప్పలేదు.

కొబ్బరి డొక్కల సంగతీ అంతే. పీచు తీశాక మిగిలే పొట్టు ఏళ్ల తరబడి కుళ్లదు, దానిలో లిగ్నిన్ అంత గట్టిది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు జాతి శిలీంధ్రం దాన్నీ విడగొడుతుంది. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, కొద్దిగా పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా వేసి తడి ఆరకుండా చూస్తే నెలరోజుల్లో ఎరువు తయారవుతుంది. అంత గట్టి పొట్టును విడగొట్టే ఎంజైముల్లో ముఖ్యమైనది లాకేజ్. అద్దకం నీటిలోని రంగును విరగ్గొట్టడానికి పరిశ్రమలు వెతికేది దాన్నే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన కొబ్బరిని నేలకూల్చిన తర్వాత ఆ మొద్దులు కుళ్లి కొమ్ముపురుగుకు ఇళ్లయ్యాయి. కుళ్లేదాన్ని మనం నడిపించకపోతే అది మన మీదికే వస్తుందని ఆనాడే చూశాం.

కుళ్లేదాన్ని నడిపించడం కొత్త విద్యేమీ కాదు. జపాన్ నుంచి అమెరికా వెళ్లిన జోకిచి తకమినె 1894లో, గోధుమ తవుడు మీద బూజు పెంచి తీసిన ఎంజైముకు పేటెంటు పొందాడు. తకా డయాస్టేజ్ పేరుతో అది అరుగుదల మందుగా అమ్ముడుపోయింది. ఆయన ముడిసరుకు తవుడు! మన దగ్గర తవుడుకేం కరువు? మన మైసూరు సీఎఫ్‌టీఆర్ఐ, తిరువనంతపురం ఎన్ఐఐఎస్‌టీ బూజు పెంచే ఈ పద్ధతి మీద దశాబ్దాలు పనిచేశాయి. పిప్పినో తవుడునో ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, బూజు విత్తనం కలిపి, పళ్లేల్లో పలచగా పరిచి 30 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచుతారు. తర్వాత నీళ్లలో నానబెట్టి వడకడితే ఆ నీటిలోకి ఎంజైమ్ దిగుతుంది. ద్రవంలో బూజు పెంచే పెద్ద పెద్ద ట్యాంకులతో పోలిస్తే దీనికి నీరు తక్కువ పడుతుంది, బయటికి వదిలే మురుగూ తక్కువే. నీటి మాట ఎత్తితే ఉలిక్కిపడే ఊళ్లు మనవి. మనకు తగిన పద్ధతి ఇదే.

ఇక్కడే ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బూజులన్నీ మంచివి కావు. కొన్ని ఆస్పర్జిల్లస్, పెనిసిలియం జాతులు ఒక్రాటాక్సిన్ అనే విషం చేస్తాయి, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కిడ్నీ జబ్బుతో ఇంటికొకరిని పోగొట్టుకున్న వీధులున్న నేల మనది. ఇక్కడ ఎవరూ తోటలో దొరికిన బూజును ఇంట్లో పెంచకూడదు. చండీగఢ్‌లోని ఎంటీసీసీ వంటి సూక్ష్మజీవుల భాండాగారం నుంచి పేరూ ఊరూ తెలిసిన జాతినే తెప్పించాలి. బూజు పొడి ఊపిరిలోకి పోకుండా మాస్కు కట్టుకోవాలి, సరుకును పరీక్షించకుండా గుమ్మం దాటించకూడదు. మన అమ్మమ్మలు తరవాణి కుండను ఎంత మడిగా చూసుకునేవారో గుర్తుందా? వాసన తేడా వస్తే మొహమాటం లేకుండా పారబోసేవారు. అంత నిష్ఠ కావాలి.

ఒక్కడి వల్ల ఎందుకు కాదో కూడా చెబుతాను. జీడిపండు ఒక రోజు దాటి నిలవదు. పొద్దున ఏరింది సాయంత్రానికి పిండాలి, పిప్పిని వెంటనే ఎండబెట్టాలి. ఎకరం రైతుకు ఒక మిషనూ ఒక డ్రయ్యరూ గిట్టవు. పది ఊళ్ల పండు ఒకచోటికి చేరితేనే పని నడుస్తుంది. అందుకే ఇది సంఘం పని. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పండు సేకరించాలి. డ్వాక్రా సంఘాలు పిప్పి ఎండబెట్టే చోటు నడపాలి. కార్ఖానా యజమానులు పొట్టును మట్టి కలవకుండా విడిగా బస్తాలకు ఎత్తాలి. ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, నైర వ్యవసాయ కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం మన జిల్లాలోనే ఉన్నాయి. వాటి తలుపు తట్టాల్సింది మనమే. పిల్లలారా, మీ ప్రాజెక్టు కోసం ఎక్కడో దొరికే నమూనాలు వెతకొద్దు, మీ తాత తోటలో పండు పట్టుకెళ్లండి.

కలిసి నడవడం మనకు కొత్తా? 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది మన పలాసలో. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలో, అడవి కర్ర మీద రైతుకున్న హక్కు కోసం పోలీసులకు ఎదురు నిలిచి వీర గున్నమ్మ ప్రాణమిచ్చింది. 2010లో సోంపేట జనం బీల చిత్తడి నేలలను కాపాడుకోవడానికి తుపాకులకు ఎదురు నిలిచారు. కర్ర కోసం, బీల కోసం అంత చేసిన నేల, తన చేత్తో తానే ఏడాదికేడాది పారేసుకుంటున్న పండును చూస్తూ ఊరుకోకూడదు. ఈసారి తుపాకులు లేవు, శత్రువూ లేడు. కావాల్సింది బుట్ట, ఎండబెట్టే పట్టా, పదిమంది ఒక మాట మీద నిలవడం.

మొదటి ఏడాదే ఎంజైమ్ అమ్ముకుంటామని నేను ఆశపెట్టను. మొదటి ఏడాది పండు ఏరుదాం, పిప్పి ఎండబెట్టి ప్రయోగశాలకు పంపుదాం, కొబ్బరి పొట్టు మీద పుట్టగొడుగు విత్తనం వేద్దాం. పూత ఇప్పుడు కనబడకపోయినా మార్చి ఎంతో దూరం లేదు. తొలి పండు రాలకముందే మీ ఊరి సంఘంలో ఈ మాట ఎత్తండి, పండు ఎవరు ఏరుతారో, ఎక్కడ ఎండబెడతారో పేర్లతో రాసుకోండి.