సంతకం పెట్టే ముందు ఒక్క రాత్రి ఆగుండ్రి

నేను ఐకాడ్‌లో సూపర్‌వైజర్‌ను. పదో తరగతి దాకే చదివిన. వకీలును కాదు. కానీ నేను చేసిన ఒక తప్పు చెప్పి, తర్వాత తెలుసుకున్న సంగతులు మీ ముందు పెడుతున్న.

కొన్నేండ్ల కింద నా దగ్గర జగిత్యాల దిక్కు పిల్లగాడు షట్టరింగ్ కార్పెంటర్‌గా చేసిండు. నాలుగేండ్లు నా కిందనే ఉన్నడు. పనిలో వంక పెట్టేది లేకుండె. ఓవర్‌టైం పైసలు రాలేదని లేబర్ మినిస్ట్రీకి కంప్లైంట్ పెట్టిండు. పది రోజులు గడవకముందే "పని అయిపోయింది" అని లిస్టులో వాని పేరొక్కటే వచ్చింది. అదే వారం సైటుకు కొత్తోళ్లు దిగిండ్రు. "వానికి పని సరిగ్గ రాదు అని రాసియ్యి" అన్నరు ఆఫీసోళ్లు. రాసిచ్చిన. నా పిల్లల ఫీజులు గుర్తొచ్చినయ్. అన్నీ ముట్టినయ్ అనే కాగితం మీద వాడు చదవకుండనే సంతకం పెట్టిండు. మర్నాడు రాత్రి శంషాబాద్ ఫ్లైట్ ఎక్కిండు.

వానికి ఏం రావాల్సి ఉండెనో తర్వాత లెక్క చూసిన. 2021 నాటి 33వ నంబర్ చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి నడుస్తున్నది. దాని ప్రకారం పనిలోంచి తీసేయాలంటే కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాలి, లేకుంటే ఆ రోజుల జీతం కట్టాలి. ఏడాది నిండినోళ్లకు సర్వీసు పైసలు: మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. బేసిక్ 800 దిర్హమ్‌లు అయితే నాలుగేండ్లకు 2,240. మొత్తం జీతం 1,200 అనుకుంటే నోటీసుది ఇంకో 1,200. ఇవి కంపెనీ 14 రోజులల్ల చేతిల పెట్టాలి.

ఇంకోటి ఉంది. మినిస్ట్రీకి గట్టి కంప్లైంట్ పెట్టినందుకో, కేసు వేసినందుకో కక్ష కట్టి తీసేస్తే, ఆ కంప్లైంట్ నిజమని తేలితే, అది అన్యాయంగ తీసేసినట్టే. దానికి కోర్టు మూడు నెలల జీతం వరకు నష్టపరిహారం ఇప్పియ్యొచ్చు. అన్నీ కలిపితే మన రూపాయలల్ల లక్షన్నర దాటొచ్చు. ఊర్ల మిత్తికి తెచ్చిన అప్పు మీద అది చిన్న మొత్తం కాదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సైటు నిజంగ అయిపోయి తీసేస్తే ఆ మూడు నెలల మాట రాదు. కానీ నోటీసు, సర్వీసు పైసలు ఎక్కడికీ పోవు. నోటీసు లేకుండ అప్పటికప్పుడు తీసేయాలంటే ముందు రాతపూర్వకంగ విచారణ చేయాలి, కారణం కాగితం మీద రాసి మన చేతికియ్యాలి. అందుకే కోపమొచ్చి డ్యూటీ ఎగ్గొట్టకుండ్రి. కారణం లేకుండ వరుసగ ఏడు రోజులు దాటి పోకుంటే మనమే వాళ్లకు ఆ కారణం రాసిచ్చినట్టు. బయటికి పోయి ఖల్లివల్లి అయితే చెప్పుకునే నోరే పోతది.

"కేసంటే ఏండ్లు పడతది, పైసలెక్కడివి?" అంటరు. మన క్లెయిమ్‌లు ఎక్కువ శాతం 50,000 దిర్హమ్‌ల లోపే ఉంటయ్. 2024 జనవరి నుంచి అంత వరకు మినిస్ట్రీయే తీర్పు చెప్పొచ్చు. ఆ తీర్పు నచ్చకుంటే 15 పనిదినాలల్ల మొదటి కోర్టుకు పోవచ్చు. అక్కడ చెప్పిందే ఆఖరు. అందుకే ఆ 15 రోజులు పెన్సిల్‌తో గోడ మీద రాసుకోండ్రి. లక్ష దిర్హమ్‌ల లోపు క్లెయిమ్‌కు కోర్టు ఫీజు లేదు. పని పోయిన రోజు నుంచి రెండేండ్ల వరకు క్లెయిమ్ చేయొచ్చు. కానీ ఊరికి పోయినంక ఇక్కడి కేసు నడుపుడు ఎంత కష్టమో అందరికీ ఎరుకే. ఫ్లైట్ ఎక్కకముందే పెట్టండ్రి.

కంప్లైంట్ నంబర్, జీతం మెసేజ్‌లు, టైం షీట్ ఫోటోలు, కాంట్రాక్ట్ కాపీ ఇంట్లోళ్ల వాట్సాప్‌కు పంపి పెట్టుకోండ్రి. ఫోన్ పోయినా అవి మిగులుతయ్. అర్థం కాని కాగితం ఇస్తే "రేపు పెడత" అనండ్రి. ఆ రాత్రి చదివేటోళ్లకు చూపియ్యండ్రి. మినిస్ట్రీ సలహా నంబర్ 80084.

ఆఖరి మాట నా తోటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్‌లకు. లిస్టు తయారు చేసేది ఆఫీసే కావచ్చు, కానీ "పని రాదు" అని రాసేది మన చెయ్యి. పని వచ్చినోనికి వచ్చని రాద్దాం. హాజరు ఉన్నదున్నట్టు రాద్దాం. రేపు లిస్టుల మన పేరు వచ్చినప్పుడు మన గురించి కూడా ఎవరో ఒకరు నిజం రాయాలె కదా. ఆ పిల్లగానికి ఫోన్ చేసి ఇదంతా చెప్పిన. "అప్పుడే చెప్తే ఎంత బాగుండేదన్నా" అన్నడు. అంతకన్న ఒక్క మాట ఎక్కువ అనలేదు. తిట్టినా బాగుండేది.