క్రీడోత్సవములును మిత్రరాజ్యముల కావలియు

పెండ్లివారి యింటికి పొరుగువారు గంగాళములును దీపములును ఎరువిచ్చుటయు, పందిరికడ రాత్రియెల్ల కావలి కాయుటయు మన గ్రామములందు అనాదిగ వచ్చుచున్న మర్యాద. అందువలన ఇంటి యజమానుని గౌరవము తగ్గినదని ఎవ్వరును తలంపరు. కాని ఒక దేశము ప్రపంచమునంతటిని క్రీడలకు ఆహ్వానించి, ఆ యుత్సవమును కాచుటకై మిత్రరాజ్యముల రక్షకభటులను రప్పించినపుడు మాత్రము రెండు విధములైన విమర్శలు వినబడుచున్నవి. తన యింటిని తాను కాచుకొనలేని రాజ్యము అతిథులను పిలువనేల యని కొందఱు ప్రశ్నింతురు. ఆటలాడు చోట ఆయుధములేల, ఇది స్నేహోత్సవమా లేక యుద్ధశిబిరమా యని మఱికొందఱు ప్రశ్నింతురు. ఈ రెండు ప్రశ్నలును తేలికగ త్రోసివేయదగినవి కావు. అయినను పొరుగువారి సహాయమును స్వీకరించుట న్యాయమేయనియు, ఆ కావలి మిత్రుల కొఱకు మాత్రమే గాక వచ్చిన ప్రతి యతిథి కొఱకును సమముగ నుండవలెననియు మేము విశ్వసించుచున్నాము. ఇట్లు విశ్వసించుటకు గల కారణములను చదువరుల యెదుట నుంచెదము.

ఈ సమస్య నేడు పుట్టినది కాదు. ప్రాచీన గ్రీసు దేశమున ఒలింపియా క్రీడలు సమీపించినపుడు దూతలు నగరములకు పోయి పవిత్రసంధిని చాటుచుండిరి. ఆ దినములలో క్రీడలకు పోవువారికి హాని చేయరాదు. క్రీడలు నడపు ఈలిస్ రాజ్యముపైకి దండెత్తరాదు. క్రీ. పూ. 420లో స్పార్టావారు ఆ సంధిని అతిక్రమించిరని ఈలిస్ వారు వారికి 2,000 మినాల జుల్మానా విధించిరి. అది చెల్లింపనందున వారిని ఉత్సవమునకు రానీయలేదు. స్పార్టావారు బలవంతముగ చొరబడుదురేమో యను భయమున ఈలిస్ యువకులు ఆయుధములు ధరించి కావలి కాచిరి. వారికి తోడుగ ఆర్గోస్ నుండి వేయిమందియు, మాంటినియా నుండి వేయిమందియు, ఏథెన్సు నుండి గుఱ్ఱపుదళమును వచ్చినట్లు థ్యుసిడిడీస్ తన చరిత్రమున వ్రాసియున్నాడు. కావున క్రీడోత్సవమునకు మిత్రరాజ్యములు కావలి కాయుట యనునది రెండువేల నాలుగువందల యేండ్లకు పైబడిన ఆచారమే.

ఆ యేట యుద్ధము జరుగలేదు, ఉత్సవము సాగిపోయెను. అయినను ఆ కావలియందొక లోపము గలదు. ఆ నాలుగు నగరములును ఆ సంవత్సరముననే పరస్పర సహాయమునకై ఒడంబడిక చేసికొనియుండెను. ఆ యొడంబడిక స్పార్టాకు ప్రతికూలమైనది. కాబట్టి వారు కాచినది పవిత్రసంధిని మాత్రమే కాదు, తమ పక్షమును కూడ. దాని ఫలము తరువాతి తరమువారు చూచిరి. క్రీ. పూ. 364లో అర్కాడియావారు ఒలింపియాను ఆక్రమించుకొని, పీసావారితో కలిసి క్రీడలు నడపుచుండగా, అధికారము పోగొట్టుకొనిన ఈలిస్ వారు సైన్యముతో వచ్చిపడిరి. పందెములు జరుగుచున్న సమయముననే దేవాలయ ప్రాంగణమున రక్తము చిందెను. ఆనాడును మిత్రనగరముల సేనలు కావలి కాయుచునే యున్నవి! అతిథులందఱికిని చెందవలసిన కావలి ఒక పక్షపు సేనయైనచో, అది కలహమును ఆపజాలదు సరికదా, కలహమునకు చోటిచ్చును.

ఇక దీనికి ప్రతికూలమైన తప్పిదమును చూతము. 1972లో మ్యూనిక్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. 1936లో హిట్లరు ప్రభుత్వము బెర్లినులో నడపిన క్రీడల జ్ఞాపకమును తుడిచివేయవలెననియు, జర్మనీ మరల సౌమ్యమైన దేశమైనదని లోకము గుర్తింపవలెననియు పశ్చిమ జర్మనీవారు ఆశించిరి. అందుచేత లేత నీలిరంగు దుస్తులు ధరించిన నిరాయుధులైన కావలివారిని నియమించిరి. ఈ యుద్దేశము మెచ్చదగినదే. కాని సెప్టెంబరు 5వ తేదీ తెల్లవారకముందే ఎనిమిదిమంది సాయుధులు కంచె దాటి ఇశ్రాయేలు జట్టు బసలో ప్రవేశించిరి. ఇద్దఱిని అచ్చటనే చంపిరి, తొమ్మండుగురిని బంధించిరి. ఆ రాత్రి సమీపమున నున్న ఫూర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్ విమానస్థలమున జరిగిన విడుదల ప్రయత్నము విఫలమై ఆ తొమ్మండుగురును మరణించిరి. ఒక జర్మను రక్షకభటుడును చనిపోయెను. ఎనిమిదిమంది సాయుధుల నెదుర్కొనుటకు నిలిపిన గురికాండ్రు ఐదుగురే. వారికి అట్టి పనియందు తగిన శిక్షణ లేదు.

ఇందు మన విషయమునకు ముఖ్యమైన సంగతి యొకటి గలదు. క్రీడల సమయమున అనుచిత సంఘటన యొకటి జరుగనున్నదని బేరూతులోని జర్మను రాయబార కార్యాలయము ఆగస్టు నెలలోనే తెలిపియుండెను. ఆ వర్తమానము మ్యూనిక్ అధికారులకు చేరెను. చేరియు ఫలము లేకపోయెను. దీనినిబట్టి రాయబారుల పని లేఖ వ్రాయుటతో ముగియదని తెలిసికొనవలెను. వచ్చిన లేఖను చదువువాడెవడు, చదివి ఏమి చేయవలెను, ఎంత సేపటిలో చేయవలెను అను విషయములు ముందుగనే నిశ్చయింపబడనిచో, ఎంతటి మంచి వర్తమానమైనను బీరువాలోని కాగితమే యగును. తరువాత ఏబది యేండ్లకు, 2022 సెప్టెంబరులో, జర్మనీ అధ్యక్షుడు స్టైన్‌మైయర్ మృతుల కుటుంబములవారి యెదుట నిలిచి క్షమాపణ వేడెను. రెండు కోట్ల ఎనుబది లక్షల యూరోల పరిహారమునకు అంగీకారము కుదిరెను. నిర్లక్ష్యముచేత కలిగిన అప్పు ఎంత ఆలస్యముగ తీరునో చూడుడు.

ఆ పాఠమును లోకము మఱువలేదు. 2004లో ఏథెన్సు క్రీడలకు గ్రీసు దేశము అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు, జర్మనీ, ఇశ్రాయేలు, స్పెయిన్, ఆస్ట్రేలియా అను ఏడు దేశముల ప్రతినిధులతో ఒక సలహాసంఘమును కొన్ని యేండ్లు ముందుగనే యేర్పఱచుకొనెను. నాటో కూటమి విమానములతో ఆకాశమును, నౌకలతో సముద్రమును కనిపెట్టుచుండెను. భద్రతకైన వ్యయము సుమారు నూఱు కోట్ల యూరోలు. అది చిన్న దేశమునకు గొప్ప భారమే. క్రీడలు మాత్రము శాంతముగ ముగిసెను.

2024లో ఫ్రాన్సు దేశము ఇంకను విశాలముగ చేయి చాచెను. పారిస్ క్రీడల నిమిత్తమై 46 దేశములను సుమారు 2,000 మంది రక్షకభటులను పంపుడని కోరెను. మన దేశము పది జాగిలములను, వానిని నడపువారితో కూడ పంపెను. అందు కేంద్ర రిజర్వు పోలీసు దళమునకు చెందిన వాస్ట్, డెన్బీ అను రెండు జాగిలములుండెను. బాంబులను వాసనచే పసిగట్టుట వాని విద్య. జూలై 26వ తేదీ సాయంకాలమున, వాన కురియుచుండగా, సీన్ నదిపై సుమారు ఆరు కిలోమీటర్ల దూరము క్రీడాకారులు పడవలపై ఊరేగిరి. ఆ పడవలలో మన తెలుగు ఆడుపడుచు పి. వి. సింధు, శరత్ కమల్‌తో కలిసి భారత పతాకమును ధరించి నిలిచెను. ఇశ్రాయేలువారును ఊరేగిరి, పాలస్తీనావారును ఊరేగిరి. ఒడ్డున నిలిచిన వేలకొలది రక్షకభటులకు అందఱును అతిథులే. మ్యూనిక్‌లో పోగొట్టుకొనిన దానిని ఏబది రెండేండ్లకు పారిస్ ఆ నదిపై కొంతవఱకు తిరిగి సంపాదించెనని మా తలంపు.

అయినను కావలియే సర్వమని భ్రమపడరాదు. ఆ యుదయముననే ఎవ్వరో ఫ్రాన్సులోని వేగపు రైలుమార్గముల సంకేతయంత్రములకు నిప్పు పెట్టిరి. లక్షలకొలది ప్రయాణికులు చిక్కుపడిరి. నగరమున అంత దళముండగా నగరమునకు దూరముగ హాని జరిగెను. ఏ కావలియు సంపూర్ణము కాదు. కాబట్టి భయము పేరు చెప్పి అంతులేని అధికారమును కోరువారిని నమ్మరాదు.

మేము మొదట చెప్పిన రెండు విమర్శలకు మా ప్రత్యుత్తరమిది. అడిగి తెచ్చుకొనిన సహాయము అవమానము కాదు. కాని దానికి మూడు కట్టుబాట్లుండవలెను. మొదటిది, పొరుగు భటుడు ఆతిథ్యమిచ్చు దేశపు చట్టమునకు లోబడి, ఆ దేశపు అధికారి యాజ్ఞలో నడువవలెను. ఇంటి తాళపుచెవి యజమానుని మొలనుండియే కదలవలెను. రెండవది, కావలి యతిథులలో మిత్రుని, మిత్రుడు కానివానిని వేఱు చేయరాదు. పతకము గెలువగల గొప్ప దేశపు జట్టుకెంత రక్షణయో, ఒక్క క్రీడాకారుని మాత్రమే పంపగలిగిన చిన్న దీవికిని అంతే రక్షణ. మూడవది, ఉత్సవమునకై పుట్టిన అధికారము ఉత్సవముతోనే ముగియవలెను. ఫ్రాన్సు 2023లో చేసిన చట్టము, వీథులలోని కెమెరాల చిత్రములను గణనయంత్రములచే పరీక్షించుటకు 2025 మార్చి 31 వఱకు గడువు పెట్టెను. గడువు పెట్టుట మంచిది. గడువు పెట్టిన చట్టమును గడువు దాటనీయకుండ చూచుట ప్రజల పని. పందిరి విప్పిన పిమ్మటను పొరుగువారు మన వాకిట కూర్చుండి రాకపోకలు లెక్కించుచున్నచో, అది సహాయమనిపించుకొనునా?

ఈ విషయము మనకు దూరమైనది కాదు. 2030 కామన్వెల్త్ క్రీడలకు అహమ్మదాబాదు నగరము 2025 నవంబరులో నిర్ణయింపబడెను. డెబ్బదికి పైబడిన దేశములు, దీవులు మన యింటికి అతిథులుగ రాదగియున్నవి. మన ప్రభుత్వము మిత్రదేశములతో చర్చలను చివరి నెలలవఱకు ఆపక ముందుగనే జరుపవలెననియు, పై మూడు కట్టుబాట్లను బహిరంగముగ ప్రకటింపవలెననియు మేము కోరుచున్నాము. పారిస్‌కు జాగిలములను పంపిన దేశము అహమ్మదాబాదునకు సహాయమడుగుటకు సిగ్గుపడనక్కఱలేదు. ఇచ్చినవానికి పుచ్చుకొనుట చిన్నతనము కాదు.

మన పాఠశాలలో బైబిలు పాఠమున నెహెమ్యా చరిత్రము చదివినవారికి ఒక సంగతి జ్ఞాపకముండును. యెరూషలేము ప్రాకారమును కట్టినపుడు పెక్కుమంది తమ తమ యిండ్లకెదురుగ నున్న భాగమును బాగుచేసిరి. యెరికో, తెకోవ మున్నగు వేఱు ఊళ్లవారును వచ్చి తమ వంతు కట్టిరి. ఎవరి భాగము వారిదే. ప్రాకారము మాత్రము అందఱిది. దేశముల నడుమ సహాయమును ఆ రీతిగనే యుండవలెను.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు మైదానమున పరుగెత్తుదురు; కొందఱు రక్షకభటులగుదురు; కొందఱు దూరదేశములలో రాయబార కార్యాలయములందు కూర్చుండి వర్తమానములను చదువుదురు. ఎదుటి జట్టువాడు క్షేమముగ ఇల్లు చేరిననే మన గెలుపునకు అర్థము. ఆ మాటను మైదానమున నేర్చికొనినవాడు కావలియందును దానిని మఱువడు.