పురియు గాదెయు

ఈ మాసము ధాన్యము నిలువచేయు కట్టడములను గూర్చి ముచ్చటింతము. మా చిలకలపూడి చుట్టుపట్లను, గుడివాడ, దివిసీమలందును పూర్వము రైతు కలిమి తెలియుటకు వామిదొడ్డిలోని పురులను లెక్కించిన చాలును.

1855లో బెజవాడ యానకట్ట పూర్తియై కృష్ణనీరు కాలువలకు వచ్చిన పిమ్మట ఈ సీమ వరిసీమ యయ్యెను. పండించుటయే కాదు, దాచుటయు నొక విద్య. మెట్టసీమలలో జొన్నలను నేలలో పాతరవేయుచుండిరి. మన పల్లపునేలకు చెమ్మ యెక్కువ, పాతర పనికిరాదు. కావున మనవారు ధాన్యమును నేలపై కెత్తిరి. ధాన్యము నెత్తుననే యుంచవలెనని కౌటిల్యుడును అర్థశాస్త్రమున విధించియున్నాడు.

పురి కట్టు విధము వినుడు. మెరకచేసిన దిబ్బపై గడ్డి దట్టముగా పఱచి, వరిగడ్డితో పేనిన లావుపాటి వెంటిని గుండ్రముగా చుట్టుచు, లోపల వడ్లు పోయుచు, చుట్టుపై చుట్టుగా లేపుదురు. పైన గోపురమువలె గడ్డి కప్పుదురు. గడ్డి గాలి నాడనిచ్చును; ఏటవాలు కప్పుపై వాన నిలువదు. మేకుతో గాని యిటుకతో గాని పనిలేదు.

పురి దొడ్డిలోనిది, గాదె యింటిలోనిది. దానిపై పెత్తనము ఇల్లాలిదే. నాలుగు కుంచములు తూము, 20 తూములు పుట్టి యను లెక్కతో, దంపుటకెంత, పాలేరు కెంత, విత్తనమున కెంత యని యామెయే కొలిచెడిది.

1864 నవంబరు 1న బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెను. అట్టి నీటికి ఏ పురియు నాగదు. అందుచేతనే విత్తనపు వడ్లను వేరుచేసి మఱింత యెత్తున నుంచుట వివేకము.

నేడు కోతయంత్రము చేలోనే వడ్లు రాల్చుచున్నది. అవి పచ్చివి. తేమ నూటికి 17 పాళ్లు మించిన ప్రభుత్వము కొనదు గనుక, రైతు వానిని బాటప్రక్క నారబోసి మబ్బు వంక చూచుచున్నాడు. నిలువచేయు చోటులేనివాడు అడిగిన ధరకే అమ్ముకొనవలసివచ్చును. అతని యింటి గాదె పోయినది. ఇల్లాలు అంగడి బియ్యము కొనుచున్నది. పురితో పోయినది గడ్డి మాత్రమే కాదు, ఆగి యమ్ముకొను ధైర్యము. గాదెతో పోయినది ఇల్లాలి మాటకున్న విలువ.

అందఱు మరల పురులు కట్టవలెనని మేమనము. విత్తనపు వడ్లను, మినుములను, పెసలనైనను ఇంట నిలుపుకొనుడు. గింజ పంటికి పెట్టిన టక్కున విరుగునంతవఱ కెండబెట్టి, చల్లార్చి, ఎండిన వేపాకుతో కలిపి కుండ కెత్తి మూతి బిగింపుడు. కుండను గోడకు దూరముగా పలకపై నుంచుడు. మీ యింట పెద్దముత్తైదువ యున్నచో, ఆమె పురి నెట్లు కట్టించెనో యీ సంక్రాంతికే యడిగి వ్రాసియుంచుడు.