కళ్లంలో ధాన్యం, ర్యామ్‌లో ఫైలు

కృష్ణా డెల్టాలో కోతలయ్యాక ధాన్యం నేరుగా గాదెలోకి పోదు. ముందు కళ్లంలో పడుతుంది. నూర్చేదీ, ఎగరబోసేదీ, ఆరబెట్టేదీ అక్కడే. పనికి అంత వీలైన చోటు ఇంకోటి లేదు. కానీ మబ్బు పట్టిందంటే రైతు గుండె గుభేలుమంటుంది. కళ్లం దాచుకునే చోటు కాదు కదా!

లినక్స్ కంప్యూటర్లోనూ ఇలాంటి కళ్లం ఒకటుంది. దాని పేరు టీఎంపీఎఫ్‌ఎస్. డిస్కులో కాకుండా ర్యామ్‌లో ఉండే తాత్కాలిక ఫైళ్ల చోటు. మంచి వేగం. కరెంటు పోతే మాత్రం అంతా ఖాళీ.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 'టీఎంపీ' ఫోల్డరు ర్యామ్‌లోకి మారింది. ఫెడోరా ఆ పని 2013లోనే చేసింది. మీరు డెబియన్ కొత్త వెర్షన్‌కి మారితే, ఎవరూ అడక్కుండానే ఈ మార్పు మీ ఇంటికొచ్చేస్తుంది.

పామర్రు సెంటర్లో ఓ డీటీపీ షాపు ఉందనుకోండి. బందరు, గుడివాడ, విజయవాడ, కూచిపూడి దారులు కలిసే చోటు కాబట్టి జనానికి లోటుండదు. మెషీన్ పాతది, ర్యామ్ 4 జీబీ. పెళ్లి కార్డు మెయిల్లో వస్తే ఆపరేటర్ దాన్ని అక్కడికక్కడే తెరిచి దిద్దుతాడు. సేవ్ కొడతాడు. ఆ ఫైలు ఉన్నది టీఎంపీలో! కరెంటు పోయిందా, రెండు గంటల పని గోవిందా. అందుకే మొదటి సూత్రం: తెరవగానే 'సేవ్ యాజ్' కొట్టి సొంత ఫోల్డర్లో పెట్టుకోవాలి. యూపీఎస్ ఉందిగా అని ధీమా వద్దు. కొత్తగా వేసిన డెబియన్ 13 టీఎంపీలో పది రోజులు ముట్టని ఫైళ్లను తానే ఊడ్చేస్తుంది కూడా.

ఇక కొలతల సంగతి. మనం ఏమీ చెప్పకపోతే టీఎంపీఎఫ్‌ఎస్ ర్యామ్‌లో సగం దాకా పెరగొచ్చు. 4 జీబీలో 2 జీబీ అన్నమాట. సగం ర్యామ్‌ని ముందే లాగేసుకుంటుందని చాలామంది భయపడతారు. అలా కాదు, ఫైలు పడ్డంత మేరకే వాడుకుంటుంది. అది హద్దు మాత్రమే. అయినా చిన్న మెషీన్‌కి 2 జీబీ ఎక్కువే, 1 జీబీ చాలు. సైజ్ సున్నా అని మాత్రం ఇవ్వకండి. సున్నా అంటే ఏమీ లేదని కాదు, హద్దే లేదని అర్థం. ర్యామ్ నిండిపోయి మెషీన్ బిగుసుకుపోతుంది.

ఈ హద్దు రాసే చోటు 'ఈటీసీ' ఫోల్డర్లోని ఎఫ్‌స్టాబ్ ఫైలు. ఒక్క లైను, ఆరు గడులు. మొదటి గడిలో టీఎంపీఎఫ్‌ఎస్, రెండో గడిలో ఫోల్డరు దారి, మూడో గడిలో మళ్లీ టీఎంపీఎఫ్‌ఎస్, నాలుగో గడిలో ఆప్షన్లు, చివర రెండు సున్నాలు. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ఆప్షన్ల మధ్య కామా ఉండాలి, ఖాళీ ఉండకూడదు. ఒక్క ఖాళీ పడితే మెషీన్ లేవడానికే మొరాయించొచ్చు. అందుకని రీస్టార్ట్ చేసే ముందు ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండుకి వెరిఫై జోడించి సరిచూసుకోండి.

టీఎంపీకి సరిపోయే ఆప్షన్లు నాలుగు. సైజ్ ఒకటి. మోడ్ 1777 ఇంకోటి: అందరూ రాయొచ్చు గానీ ఒకరి ఫైలు ఇంకొకరు చెరపలేరు, ముందున్న ఆ ఒకటి అందుకే. నోసూయిడ్, నోడెవ్ దొంగదారులు మూసేవి. నోఎగ్జెక్ పెడితే అక్కడి ప్రోగ్రాములు నడవవు. భద్రతే గానీ కొన్ని ఇన్‌స్టాలర్లు మొండికేస్తాయి, చూసుకుని పెట్టండి.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. షాపుకి వచ్చే ఆధార్, పాస్‌బుక్, పట్టా కాగితాల స్కాన్లు నెలల తరబడి డిస్కులో పేరుకుపోతుంటాయి. అవి పోవాల్సినవి! వాటికోసం 'స్కాన్' అని వేరే ఫోల్డరు పెట్టి, దాన్నీ టీఎంపీఎఫ్‌ఎస్‌గా మౌంట్ చేయండి. సైజ్ 512 ఎంబీ, మోడ్ 0700, యూఐడీ దగ్గర ఆపరేటర్ నంబరు. షట్‌డౌన్ కొట్టగానే జనం కాగితాలు మాయం.

ఇక్కడో మెలిక ఉంది. ర్యామ్ ఇరుకైతే టీఎంపీఎఫ్‌ఎస్‌లోని సరుకు కూడా స్వాప్ రూపంలో డిస్కుకి దిగుతుంది. అలా దిగకుండా ఆపేదే 'నోస్వాప్'. ఇది కెర్నెల్ 6.4 నుంచే ఉంది, డెబియన్ 13లో పనిచేస్తుంది. మొదట మౌంట్ చేసేటప్పుడే ఇవ్వాలి, తర్వాత రీమౌంట్‌లో కుదరదు. ఇది పెట్టాక ఆ ర్యామ్ కిందకి దిగదు గనక సైజ్ చిన్నదే ఉంచండి. హైబర్నేట్ జోలికి పోవద్దు, అది ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కుకి ఎక్కిస్తుంది.

సైజ్ చాలకపోతే మెషీన్ ఆపక్కర్లేదు, రీమౌంట్‌తో పెంచొచ్చు. తగ్గించేటప్పుడు మాత్రం, అప్పటికే నిండినదానికన్నా తక్కువ ఇస్తే ఒప్పుకోదు. పెద్ద వీడియోలకి 'వార్' కింద ఉన్న టీఎంపీ వాడండి, అది మామూలుగా డిస్కు మీదే ఉంటుంది. అన్నీ అయ్యాక డీఎఫ్ కమాండుకి హెచ్ జోడించి కొట్టండి. టీఎంపీ పక్కన మీరిచ్చిన అంకె కనిపిస్తే పని అయినట్టే. కనిపించకపోతే ఎఫ్‌స్టాబ్‌లో కామాలు మళ్లీ లెక్కపెట్టుకోండి!