కోడ్ ఖులా, చాబీ మాలిక్ దగ్గర

నా పాత ఫోన్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆపేసి మూడేళ్లయింది. నెహ్రూ పార్క్ దగ్గర ఒక మెకానిక్ పిల్లగాడికి ఇస్తే, 'చాచా, దీంట్ల ఇంకా జాన్ ఉంది' అని లీనియేజ్ ఓఎస్ ఎక్కించాడు. ఆండ్రాయిడ్ కోడ్‌తోనే తయారైన ముఫ్త్ సిస్టమ్ అది. ఫోన్ మళ్లీ జవాన్ అయింది, తాజా సెక్యూరిటీ ప్యాచ్ కూడా వచ్చింది. ఇంటికొచ్చి బ్యాంక్ యాప్ తెరిస్తే 'ఈ ఫోన్ సురక్షితం కాదు' అంది. మూడేళ్లుగా ప్యాచ్ లేని పాత సిస్టమ్ మీద మాత్రం అదే యాప్ ఏ ఏతరాజ్ లేకుండా నడిచింది!

అసలు మసలా ఇజాజత్‌ది. ఇలాంటి యాప్‌లు చాలావరకు చూసేది ఫోన్‌కి గూగుల్ సర్టిఫికెట్ ఉందా లేదా అనే.

ఆండ్రాయిడ్ కోడ్‌ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ 'ఆండ్రాయిడ్' అన్న పేరు గూగుల్ ట్రేడ్‌మార్క్. ప్లే స్టోర్ కావాలంటే పరీక్షలు పాసవ్వాలి, ఒప్పందం మీద దస్తఖత్ పెట్టాలి. 2012లో ఏసర్ కంపెనీ చైనాలో అలీయున్ సిస్టమ్‌తో ఫోన్ తేబోతే, గూగుల్ అభ్యంతరంతో ఆ లాంచ్ ఆఖరి ఘడియలో ఆగిపోయింది.

మా బోధన్ వాళ్లకి ఇది సమజ్ చేయించడం తేలిక. 2002లో చక్కెర ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, బోర్డు మీద 'నిజాం' పేరు అలాగే ఉంది. 2015లో తాళం పడ్డప్పుడు ఆ పేరు చెరుకు రైతుకీ, కార్మికుడికీ ఎందుకూ పనికి రాలేదు. అక్కడ పేరు వదిలేసి ఇఖ్తియార్ తీసుకున్నారు. ఇక్కడ కోడ్ వదిలేసి పేరునీ బజారునీ పట్టుకున్నారు.

పేరు కాపాడుకోవడం గునాహ్ కాదు. ఒకే యాప్ వంద కంపెనీల ఫోన్లలో నడవాలంటే పరీక్షలుండాలి, ఒప్పుకుంటాను. ఆ పేరు చూపించి పక్కవాడి దుకాణం తెరవనియ్యకపోవడం మాత్రం జుల్మే. ఇలాంటి షరతుల మీదే మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కి 1337.76 కోట్ల రూపాయల జుర్మానా వేసింది. 2023లో అప్పిలేట్ ట్రిబ్యునల్ జుర్మానాని నిలబెట్టి, కొన్ని ఆదేశాలను కొట్టేసింది. అదే ఏడాది జనవరిలో ఐఐటీ మద్రాస్ వైపు నుంచి భరోస్ ధూమ్‌ధామ్‌గా వచ్చింది. దాని బునియాద్ కూడా ఆండ్రాయిడ్ కోడే. మా నిజామాబాద్ బజార్లో భరోస్ ఫోన్ నేనింతవరకూ చూడలేదు.

జుర్మానా ఖజానాకి పోతుంది, ఫోన్ వాడేవాడికి ఏం రాదు. బ్యాంకులూ, హుకూమత్ యాప్‌లూ ఒక ప్రైవేటు కంపెనీ ముద్రనే ఏకైక సబూత్‌గా చూడొద్దని రిజర్వ్ బ్యాంక్ ఒక్క మాట చెప్పాలి. కొత్త ఫోన్ కొనే తాఖత్ లేనివాడికి అదే పెద్ద హక్.

నేనైతే మర్నాడే ఫోన్ వాపస్ తీసుకెళ్లాను. పిల్లగాడు నవ్వి పాత సిస్టమే ఎక్కించాడు. బ్యాంక్ యాప్ ఇప్పుడు ఖుష్.